మోచేతి మడత దగ్గర

డబ్బా మూత తీయగానే ముందు పెసల వాసన వచ్చింది. దాని వెనకే ఎండిన బత్తాయి తొక్కలు, ఆ వెనక కచ్చూరాలు, కొంచెం తడిమట్టిలా, కొంచెం కర్పూరంలా. నలుగుపిండి వాసన నాకు ఎప్పుడూ ఈ వరసలోనే తెలుస్తుంది. అక్కడితో ఆగితే బాగుండేది. అన్నిటి అడుగున ఇంకేదో ఉంది. పేరు తట్టలేదు గానీ ముక్కు లోపల ఎక్కడో సన్నగా గుచ్చింది. తుమ్మాను. "ఒంటి తుమ్ము తుమ్మావేందే, ఇంకోటి తుమ్ము" అన్నారు అత్తయ్య, కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వస్తూ. రెండో తుమ్ము రాలేదు. డబ్బా మీదికి వంగి మళ్ళీ వాసన చూశాను.

అత్తయ్య గురజాల దగ్గర పల్లె నుంచి ఇవాళ మధ్యాహ్నమే మాచర్ల వచ్చారు, మనవరాలి కోసం. పాపకి ఎనిమిదో నెల. బుగ్గల మీద, ఒక మోకాలి వెనక గరుకుగా మచ్చలు తేలాయి. పిల్లల డాక్టరు గారు చూసి, చర్మం పొడిబారింది, కంగారేమీ లేదు, నేను రాసిన ఆయింట్‌మెంటు తప్ప ఇంకేదీ పూయొద్దన్నారు. కంగారేమీ లేదన్న మాట తప్ప మిగతావన్నీ నా తలకెక్కాయి. రోజూ ఆ మచ్చలకి ఫోనులో ఫోటో తీస్తాను. వేళ్ళతో పెద్దది చేసి నిన్నటి ఫోటో పక్కన పెట్టి చూస్తాను. పెరిగిందనుకుంటాను. వెలుతురు మారి అలా కనిపిస్తోందేమో అనుకుంటాను. మళ్ళీ తీస్తాను. "నలుగు పెట్టకపోబట్టే పిల్ల ఒళ్ళు ఇట్టా బిరుసెక్కింది అమ్మాయ్" అన్నారు అత్తయ్య. "పెసలు నేనే కడిగి, నేనే ఎండబోసి, నేనే మరకి పోయి పట్టించుకొచ్చా. రేపు పొద్దున నేనే నీళ్ళు పోస్తా. నువ్వు పక్కన నిలబడి చూడు చాలు." ఆ 'నేనే'లన్నీ విన్నాక వద్దనడానికి నాకు నోరు రాలేదు. సరే అనడానికీ రాలేదు. రేపు పొద్దున అన్న మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. అప్పుడు ఆ తుమ్ము వెంట పార్లరక్క గుర్తొచ్చింది.

ఆమె పేరు కోటేశ్వరి. నరసరావుపేటలో మా వీధిలో ఎవరూ ఆమెని ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. మేం అద్దెకున్నది మేడమీది వాటాలో. కింద వీధివైపు గదిలో ఆమె బ్యూటీ పార్లరు, వెనక గదిలో ఆమె కాపురం. ఒక్కతే ఉండేది. ఎందుకు ఒక్కతే ఉంటుందో మా అమ్మకి తెలుసు, నాకు చెప్పలేదు, తర్వాత నేను అడగలేదు. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ ఏదో ఒకటి మూత తీసి వాసన చూస్తూ ఉండేది. కొత్తగా ఏ ఆకు కనిపించినా నలిపి చూసేది. ఎడమ చేతి మోచేతి మడత దగ్గర ఆమె చర్మం ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేది. పసుపో, ఆకుపచ్చో, ఒక్కోసారి ఎర్రటి దద్దురో. అడిగితే, "ఇది నా పరీక్షల గది. కొత్తవన్నీ ముందు ఈడికి రావాల" అనేది.

మొదటిసారి ఆ గదిలోకి నేను వెళ్ళింది ఇంటర్ చదివేటప్పుడు, మొహం నిండా మొటిమలతో. మా పెదనాన్న కూతురి నిశ్చితార్థం వారంలో ఉంది. అప్పటికే నిమ్మరసం రాశాను, టూత్‌పేస్టు రాశాను, ఎవరో చెప్తే వెల్లుల్లి కూడా రాసి మంట పుట్టించుకున్నాను. ఇక బ్లీచే గతి అనుకుని వెళ్ళి, కుర్చీలో కూర్చుని, బ్లీచ్ చేయమన్నాను. అక్క నా మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నీ మొగం ఏమన్నా గోడా పిల్లా, సున్నం కొట్టడానికి?" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె ఓదార్చలేదు. "రోజుకి ఎన్నిసార్లు అద్దంలో చూసుకుంటావ్?" అని అడిగింది. లెక్కే లేదన్నాను. "సరే. ఎప్పుడన్నా చేత్తో చూసుకున్నావా?"

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. చేత్తో చూడడమేమిటి? అక్క నా చేతులు సబ్బుతో కడిగించి, అద్దం మీద తువ్వాలు కప్పి, కళ్ళు మూసుకోమంది. "నుదుటి కాణ్ణించి మొదలుపెట్టు. మెల్లంగా. గిల్లావంటే చెయ్యి ఇరగ్గొడతా. ఎక్కడ జిడ్డుగా ఉందో, ఎక్కడ పొడిగా ఉందో, ఎక్కడ వెచ్చగా ఉందో చెప్పు." నేను చెప్పడం మొదలుపెట్టాను. నుదురు జిడ్డు. ముక్కు పక్కన జిడ్డు. గడ్డం కింద రెండు గట్టిగా ఉన్నాయి, వెచ్చగా ఉన్నాయి. బుగ్గల దగ్గరికి వచ్చేసరికి నా వేళ్ళు ఆగిపోయాయి. అక్కడ ఏమీ లేదు. మెత్తగా, చల్లగా ఉంది. మొహం అంతా మొటిమలే అనుకుంటున్న దాన్ని, సగం మొహం మామూలుగా ఉందన్న సంగతి నాకు తెలియనే తెలియదు. కళ్ళు తెరిచాను. అక్క స్టూలు మీద కూర్చుని పల్లీలు తింటోంది. "బాగున్న చోటు కూడా ఉంది గదా. దానికి కూడా వెల్లుల్లి రాశావు. పాపం అదేం చేసింది నిన్ను?" అంది. ఆ రోజు బ్లీచ్ చేయలేదు. మొహం ఎలా కడుక్కోవాలో చూపించి పంపింది. నిశ్చితార్థానికి మొటిమలతోనే వెళ్ళాను. ఫోటోల్లో ఉన్నాయి, ఇప్పటికీ.

తర్వాత తెలిసింది, ఈ చేత్తో చూసే విద్య అక్కకి ఎండాకాలాలు నేర్పిందని. కరెంటు ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. పెళ్ళికూతుళ్ళ మొహాల మీద సగం పనిలో దీపం ఆరిపోయేది. మిగతా వాళ్ళు కొవ్వొత్తి కోసం వెతికితే ఈమె చేతులు ఆగేవి కావు. "చీకట్లో రంగు కనపడదు గదా పిల్లా. నలుపూ లేదు, తెలుపూ లేదు. ఆ కాసేపు పిల్లకి కూడా హాయిగా ఉంటది, నాకూ హాయిగా ఉంటది" అనేది. ఆమె పార్లరులో కంపెనీ క్రీములూ ఉండేవి, ఆమె పట్టించిన నలుగుపిండీ ఉండేది. ఏది అడిగితే అది వాడేది. ఒక్క షరతు మాత్రం ఉండేది. కొత్తగా వచ్చిన వాళ్ళకి, ఏదైనా సరే, ముందు మోచేతి మడత దగ్గర వేలెడంత రాసి పంపించేది. "ఇవాళ రాస్తా. రేపు రా." దాని వల్ల ఎంతమంది గుమ్మం దిగి బజారులో ఇంకో పార్లరుకి వెళ్ళిపోయారో. ఒకావిడైతే, మొహం తోమడానికి కూడా వాయిదాలేనా, కోర్టు కంటే ఘోరంగా ఉందే నీ కొట్టు, అని తిట్టి మరీ పోయింది. అక్క ఆమె వెనకే గుమ్మం దాకా వెళ్ళి, "రేపు రాకపోయినా దురదొస్తే మాత్రం రా అమ్మా" అని కేకేసింది.

నేను డిగ్రీలో చేరాక మా ఇద్దరికీ వాదనలు మొదలయ్యాయి. సహజమైనవన్నీ మంచివని, మందులన్నీ చెడ్డవని నేను ఎక్కడో చదివి వచ్చి చెప్పాను. ఆమె నలుగుపిండి అమ్ముకునే మనిషి కాబట్టి సంతోషిస్తుందనుకున్నాను. "జిల్లేడు పాలు చెట్టువే గదా. కంట్లో పోసుకుంటావా?" అంది. తను ఒకసారి ఏదో అడవి ఆకు మంచిదని నమ్మి, దంచి, మోచేతి దగ్గర రాసుకుని కాసేపు కూడా ఆగకుండా మెడకంతా పట్టించిందట. మెడ వాచి, ఆసుపత్రికి వెళ్ళి సూది వేయించుకుని వచ్చిందట. ఆ మాట నాతో నవ్వుతూ చెప్పింది. "డాక్టరు కూడా నవ్వాడు పిల్లా. ఎందుకు ఆగలేదమ్మా అన్నాడు. ఏమో సార్, చానా మంచి వాసనొచ్చింది అన్నా." మంచి వాసన వచ్చిందని తొందరపడే మనిషి కాబట్టే ఆగడాన్ని ఒక నియమంగా పెట్టుకుందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అది ఆమెకి పుట్టుకతో వచ్చిన ఓపిక కాదు.

మంగళవారం పార్లరు మూసేది. ఆ రోజు పొద్దున ఆమె తన కోసం నలుగు పెట్టుకునేది. నువ్వులనూనె గోరువెచ్చగా చేసి, పాదాల దగ్గర మొదలుపెట్టి పైకి రాసుకునేది. తర్వాత పిండిని పెరుగుతో కలిపి, చిన్న చిన్నగా అద్దుకుంటూ, ఆరుతున్నప్పుడు రుద్దుకుంటూ. తలుపు వారగా వేసి ఉండేది. నేను మెట్ల మీద కూర్చుని చదువుకుంటూ ఆ వాసన పీల్చేదాన్ని. ఆ గంటలో ఆమె మాట్లాడేది కాదు. రేడియో పెట్టేది కాదు. ఒకసారి సత్తెనపల్లి నుంచి పెళ్ళివాళ్ళు కారేసుకుని వచ్చారు, ఎక్కువిస్తాం రమ్మని. నన్ను లోపలికి పంపారు. అక్క కుడికాలి మీద పిండి రుద్దుకుంటూ, తలెత్తకుండా, "ఇంకా ఎడమకాలు ఉందని చెప్పు" అంది. నేను బయటికి వచ్చి అదే చెప్పాను. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎడమకాలు అయ్యేదాకా కూర్చున్నారు.

"ఎందుకక్కా అంత సేపు? కాలే కదా" అని అడిగాను ఆ సాయంత్రం. "వారమంతా ఊళ్ళోవాళ్ళ మొగాలు పట్టుకుంటా. ఈ కాళ్ళు నన్ను మోస్తుండయ్యి. వీటిని ఒక్కసారన్నా పలకరించొద్దా?" అంది. అంతలోనే తనకే నవ్వొచ్చి, "మడమ మీద కొత్త పగులొకటి దొరికింది ఇవాళ. ఎప్పుడొచ్చిందో చూడు దొంగది" అని పాదం చూపించింది. ఏదో పాత చుట్టం వచ్చినట్టు చెప్పింది.

మర సంగతి చెప్పాలి. మా పల్నాడులో ఎండలు ముదిరే రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఏడాదికి సరిపడా కారం పట్టిస్తారు. ఆ రోజుల్లో పిండిమర ఉన్న వీధిలోంచి నడిస్తే కళ్ళు నీళ్ళు కారతాయి. అదే సమయంలో పెళ్ళిళ్ళు, అందుకని నలుగుపిండి పట్టించేదీ అప్పుడే. అక్క నన్ను తోడు తీసుకుని మస్తాన్ మరకి వెళ్ళేది. కారానికి వేరే మిషను ఉందని మస్తాన్ ఒట్టేసి చెప్పేవాడు. అక్క నమ్మేది కాదు. ముందు తన సంచిలోంచి గుప్పెడు నూకలు తీసి పిండిమరలో పోయించేది. ఆ నూకపిండి పారబోయించి, పిండి దిగే గుడ్డ గొట్టాన్ని తనే దులిపి, అప్పుడు తన పెసలు పోయించేది. "ఏందక్కా, ప్రతిసారీ నీ పేచీ. వెనక జనం తిడుతుండారు" అనేవాడు మస్తాన్. "తిట్టనీ. రేపు పెళ్ళికూతురు మొగం మండితే ఆమె తిట్లు నువ్వు పడతావా?" అనేది అక్క.

ఒక ఏడు నూకలు తేవడం మరిచిపోయింది. మస్తాన్ పెసలు పోసేశాడు. పిండి బాగానే ఉంది, లేతపచ్చగా, వెచ్చగా. నేను వాసన చూసి తుమ్మాను. అక్క తల తిప్పి నన్ను చూసింది. అక్కడే బల్ల మీద కూర్చుని, చిటికెడు పిండి నీళ్ళతో తడిపి తన మోచేతి మడత దగ్గర రాసుకుంది, నాకూ రాసింది. "ఇంటికెళ్ళి చూద్దాం అక్కా" అన్నాను. వినలేదు. అలా కూర్చున్నాం. మస్తాన్ మర ఆపి టీ తాగడం మొదలుపెట్టాడు. కాసేపటికి నా చేతికి, మండీ మండనట్టు, ఎవరో దగ్గరగా ఊపిరి వదిలినట్టు వేడి తగిలింది. "వస్తుందా?" అంది అక్క. వస్తోందన్నాను. ఆమె కళ్ళు మెరిశాయి. పిండి పాడైందన్న బాధ కంటే, కనిపెట్టామన్న సరదానే ఎక్కువగా కనిపించింది ఆ మొహంలో. మస్తాన్‌ని పిలిచి అతని చేతికీ రాసింది. అతను తోముకుని, చూసుకుని, "ఉందక్కా. కారం మిషను పక్కనే గదా, గొట్టాలు మార్చినట్టుండారు మా పిల్లోళ్ళు" అని తల గోక్కున్నాడు. ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాడు. మేం ముగ్గురం ఎంతసేపు నవ్వామో. ఆ పిండి ఎవరికీ వాడలేదు.

పోయిన ఏడాది, నాకు ఐదో నెల నడుస్తుండగా, అక్క పోయిందని అమ్మ ఫోన్ చేసింది. నిద్రలోనే పోయిందట. కడుపుతో ఉన్నవాళ్ళు చావింటికి వెళ్ళకూడదని ఇటు వాళ్ళూ అటు వాళ్ళూ ఆపారు. వాళ్ళతో వాదించే ఓపిక లేకపోయింది. ఆ రోజు మొహం కడుక్కుంటూ గడ్డం కింద వేళ్ళు ఆనించి కాసేపు నిలబడ్డాను. అక్కడ పాత మొటిమ గుంట ఒకటి ఉంది. అంతే. ఆ తర్వాత పాప పుట్టింది, నా మొహాన్ని నేను అద్దంలోనూ చూసుకోలేదు, చేత్తోనూ చూసుకోలేదు.

ఇవాళ సాయంత్రం అత్తయ్య పాపని ఒళ్ళో పెట్టుకుని ఉండగా, డబ్బాలోంచి చిటికెడు పిండి తీసి, తడిపి, నా ఎడమ మోచేతి మడత దగ్గర రాసుకున్నాను. "ఏందది? బొట్టు పెట్టుకునే చోటు దొరకలేదా?" అన్నారు అత్తయ్య. అప్పుడు పార్లరక్క గురించి చెప్పాను. మర గురించి, ఎడమకాలి గురించి, మస్తాన్ కన్ను గురించి. అత్తయ్య నవ్వుతారనుకున్నాను, లేదా నొచ్చుకుంటారనుకున్నాను. మాట పూర్తికాకుండానే పాపని నా చేతికిచ్చి, జాకెట్టు చెయ్యి పైకి మడిచి, "నాక్కూడా పెట్టు, చూద్దాం" అన్నారు.

ఇద్దరం వరండాలో కూర్చున్నాం. పాపని చాప మీద వేశాం. మా చేతుల వంక తను వింతగా చూస్తోంది. అత్తయ్య చెయ్యి పొలం పని చేసిన చెయ్యి. నాకు ముందుగా తెలిసింది. ఆ పాత వేడి, దగ్గరగా వదిలిన ఊపిరి. చెప్పలేదు. చెప్తే నేను కావాలని అన్నట్టు ఉంటుందేమో అని భయం. ఆగాను. అత్తయ్య దూరంగా గేటు వైపు చూస్తూ ఉన్నట్టుండి మోచెయ్యి ముందుకు చాపుకున్నారు. "చుర్రుమంటందేందే" అన్నారు. ఇంకాసేపు చూసి, మెల్లగా, "మర కాడ నా ముందర పక్కింటోళ్ళు కారం పట్టించుకుపోయారు. నేనే చూశా" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు పాప వైపే చూశారు. "రేపు పొద్దున ఒళ్ళంతా రుద్దేదాన్నే అమ్మాయ్. బుగ్గలకి కూడా." నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడే తేరుకుని, "పోన్లే, ఇత్తడి బిందెలు తోముకుంటా. అయ్యన్నా తెల్లబడతయ్యి" అన్నారు.

చేతులకి ముందు నూనె రాసుకుని, తర్వాత సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాం. డాక్టరు గారు ఏం పూయమన్నారో అత్తయ్య అడిగి, ట్యూబు తెప్పించుకుని, మూత తీసి వాసన చూశారు. "దీన్ని కూడా ముందు మోచేతి కాడే రాయి" అన్నారు. పాప చిట్టి మోచేతి మడత దగ్గర వారం కిందటే రాసి చూశానని చెప్పాను. ఆ పని నేను అక్కని తలుచుకోకుండానే చేశానని అప్పుడు తట్టింది. "మరి ఆ అక్క చేత్తో చూసేదన్నావ్. ఎట్టా?" అని అడిగారు. పాపని బోర్లా పడుకోబెట్టి, అత్తయ్యని కళ్ళు మూసుకోమన్నాను. ఆవిడ మూసుకున్నారు. ఆ గరుకు వేళ్ళు మెడ నుంచి వీపు మీదుగా మెల్లగా దిగాయి. "ఈడ పట్టులాగుంది. ఈడ కూడా. ఇదిగో, మోకాలి వెనక గరుకు తగిలింది. బుగ్గలు గాక ఇంతేనా? నేనింకా ఒళ్ళంతా అనుకున్నా." నా వంతు వచ్చినప్పుడు నేనూ కళ్ళు మూసుకున్నాను. ఫోటోల్లో ఎర్రగా, పెద్దగా ఉన్న ఆ మచ్చ నా వేలికి ఎంతుందో తెలుసుకోవాలనిపించింది. నా చిటికెన గోరంత ఉంది. చుట్టూ మిగతా బిడ్డంతా మెత్తగా, చల్లగా ఉంది.

"పిల్లని నేను చూసుకుంటా. నువ్వు పోయి మొగం కడుక్కో, దెయ్యంలాగుండావు" అన్నారు అత్తయ్య. వంటింట్లో ఉన్న పెసలు నాలుగు గింజలు మిక్సీలో వేసి, పెరుగుతో కలిపి, వెనక పంపు దగ్గర కూర్చున్నాను. నుదుటి కాణ్ణించి మొదలుపెట్టాను, మెల్లంగా. కనురెప్పల కింద చర్మం ఇంత పల్చనైందని తెలియదు. దవడ దగ్గర ఇంత బిగబట్టి ఉంటున్నానని తెలియదు. గడ్డం కింద పాత గుంట అక్కడే ఉంది. లోపల పాప ఏడిచింది. లేవబోయాను. "ఆగు, ఆగు, నేనున్నా" అని అత్తయ్య గొంతు వినిపించింది. ఎడమ బుగ్గ ఇంకా మిగిలి ఉంది. కూర్చున్నాను.

ఇప్పుడు పాప పక్కనే నిద్రపోతోంది. ఇదంతా రాసుకుంటూ ఎడమ చెయ్యి మడిచినప్పుడల్లా మోచేతి దగ్గర కొంచెం వెచ్చగా తగులుతోంది. మోకాలి వెనక ఆ గోరంత గరుకు రేపటికి తగ్గుతుందో లేదో నాకు తెలియదు. రేపు పొద్దున చూస్తాను. ముందు చేత్తో.